సమాజమందిరం గుమ్మంలో నా థర్మామీటరు

ఒట్టావా వెళ్లొచ్చానంటే చాలు, మా బేస్‌మెంటులో ఉండే అమ్మాయిలంతా ముందు అడిగేది పార్లమెంటు చూశావా అని. చూడలేదు. పోనీ కాలవ? అదీ లేదు. మరేం చూశావు? ఒక ప్రార్థనా మందిరం గుమ్మం చూశాను. ఆదివారం పొద్దున్నంతా ఆ గుమ్మంలోనే నిలబడ్డాను. ఇంత దూరం వెళ్లి ఇంత తక్కువ చూడడం నాకు ఇదే మొదటిసారి. అయినా ఎదురుపడ్డవాళ్లందరినీ ఆపి మరీ చెబుతున్న ప్రయాణం కూడా ఇదే కాబట్టి, రాసి పెట్టేస్తే అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని కూర్చున్నాను.

బ్రాంప్టన్: నా హోదా

కరోనా ఇంకా పూర్తిగా పోని రోజులు. విమానాలు మళ్లీ మొదలై, బ్రాంప్టన్‌లోని మా కాలేజీకి మన పిల్లలు గుంపులు గుంపులుగా దిగుతున్నారు. నేను చదివేది హాస్పిటల్ ఆఫీసు పనికి సంబంధించిన డిప్లొమా. పార్ట్ టైమ్‌గా చేసేది ఒక గోడౌన్ గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చేవాళ్ల నుదుటికి థర్మామీటరు తుపాకీ గురిపెట్టడం. జ్వరం ఉందా, దగ్గు ఉందా, ముక్కు కారుతోందా, అలసటగా ఉందా అని అడగాలి. ఒక్కదానికి అవునన్నా ఇంటికి పంపెయ్యాలి. మొదటి రోజే మా సూపర్‌వైజరు, "నువ్వు డాక్టరువి కాదు, ఆలోచించకు" అని చెప్పాడు. నేను ఆలోచించలేదు. ఆరడుగుల లారీ డ్రైవర్లు కూడా నా ముందు తల వంచుకుని నిలబడుతుంటే, ఈ దేశంలో నాకూ ఒక హోదా వచ్చిందని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆ హోదా సంగతి ప్రసన్న ఆంటీ దాకా వెళ్లింది. ఆంటీది మా నరసాపురం వైపే. మా నాన్న పాస్టరుగా ఉన్న మందిరంలోనే పెరిగి, ఇప్పుడు ఒట్టావా శివార్లలోని కనాటాలో ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే ఉద్యోగం చేస్తోంది. ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"అమ్మాయ్ కరుణా, నువ్వు ఆ జొరం చూసే తుపాకీ పట్టుకుంటావు కదే. ఆదివారం ఓసారి ఇటొచ్చి ఎల్దూగాని."

ఆంటీ చూసుకునే పెద్దాయన పేరు మోరిస్ గారట. యూదులు. భార్య రీటా గారు పోయిన ఏడాది లాక్‌డౌన్‌లో పోయారు. ఆదివారానికి ఏడాది. వాళ్లలో పోయినవాళ్ల పేరు మీద ఇంటివాళ్లు నిలబడి ఒక ప్రార్థన చెప్పాలి. దానికి వాళ్లలోనే పెద్దవాళ్లు పదిమంది హాజరై ఉండాలి. అంత్యక్రియలనాడు అంతమందిని రానివ్వలేదు. తర్వాత మందిరమే మూసేశారు. ఇప్పుడు తెరిచారు గానీ, గుమ్మంలో ఆరోగ్య ప్రశ్నలు అడిగే ఆయనా, ప్రార్థన నడిపే రబ్బీ గారూ ఇద్దరూ ఇళ్లలో ఐసొలేషన్‌లో ఉన్నారు. గుమ్మంలో మనిషి లేకపోతే ఆదివారం తలుపు తీసేది లేదని కమిటీవాళ్లు అనేశారు.

"పదిమంది ఉంటేనేనంట. తొమ్మిదైతే నోరు మూసుకుని ఇంటికొచ్చెయ్యడమే. ఏడాదిబట్టీ ఆ ప్రార్థన గొంతులోనే పెట్టుకుని కూర్చున్నాడే ఆ మారాజు" అంది ఆంటీ. వస్తానన్నాను.

ఆదివారం మన మందిరం మానేస్తున్నానంటే నాన్న కోప్పడతారని భయపడుతూనే ఫోన్ చేశాను. విషయం విని ఆయన కుర్చీలోంచి లేచినట్టున్నారు, చప్పుడు వినబడింది. ముప్పై ఏళ్లుగా సమాజమందిరం, అంటే యూదుల ప్రార్థనా మందిరం గురించి ప్రసంగాలు చెప్పిన మనిషి, ఒక్కటీ కళ్లతో చూడలేదు. "వెళ్లమ్మా, వెళ్లు! ముందు వరసలో ఎవరు కూర్చుంటారో మాత్రం బాగా చూసి చెప్పు" అన్నారు. బైబిల్లోని ఆ ముందు వరసవాళ్ల మీద ఆయనకు మొదటినుంచీ అనుమానం.

కింగ్‌స్టన్: పూటీన్, పచ్చడి

రాకేష్‌ది హన్మకొండ. మా కాలేజీవాడే. కనాటాలో ఒక కంపెనీలో సోమవారం ఇంటర్వ్యూ ఉందని సెకండ్‌హ్యాండ్ కారులో శనివారమే బయలుదేరుతుంటే నేనూ ఎక్కాను. మాస్కులు పెట్టుకుని, చలిలో నాలుగు అద్దాలూ దించుకుని, రజాయిలు కప్పుకుని హైవే ఎక్కాం.

"అక్కా, నువ్వు పోయేది చర్చికా?" అని అడిగాడు.

"కాదు."

"గట్లయితే గుడికా?"

"కాదు."

"మసీదుకా?"

"అదీ కాదు."

"ఇంకేం మిగిలిందక్కా?" అన్నాడు నిజంగానే దిగులుగా. యూదుల గురించి నాకు తెలిసినదంతా కింగ్‌స్టన్ దాకా చెప్పాను. నాకు తెలిసినదంతా సండే స్కూల్లో నేర్చుకున్నదే కాబట్టి గొర్రెలు, గాడిదలు, కరువులు ఎక్కువగా వచ్చాయి. వాడు మధ్యమధ్యలో "అబ్బా" అంటూ విన్నాడు.

కింగ్‌స్టన్‌లో ఆగి పూటీన్ అనే కెనడా వంటకం కొన్నాం. బంగాళాదుంప వేపుడు మీద చీజ్ ముక్కలు చల్లి, పైన మాంసం పులుసు పోసి ఇస్తారు. ఎనిమిది డాలర్లు. రాకేష్ వెంటనే రూపాయల్లోకి మార్చి, ఐదొందలకు తమ దగ్గర ఇంటిల్లిపాదీ బిర్యానీ తింటారని బాధపడ్డాడు. కరకరలాడాల్సిన వేపుణ్ని చేతులారా నానబెట్టుకోవడం ఎందుకో మా ఇద్దరికీ అర్థం కాలేదు. చప్పగా ఉందని మా అమ్మ పంపిన రొయ్యల పచ్చడి తీశాను. అది మోరిస్ గారికి కానుకగా ఇద్దామని పెట్టుకున్నది. పెద్దాయన ఇంటికి ఒట్టి చేతులతో ఎలా వెళ్తాం? తీసి చూస్తే మూత వదులై నూనె అంతా సంచీలోకి కారి ఉంది. అదే సంచీలో నా థర్మామీటరు కూడా ఉంది.

మిగిలిన పచ్చడితో పూటీన్ మాత్రం చాలా బాగుంది. కెనడావాళ్లకు ఎవరైనా ఈ సంగతి చెప్పాలి.

కనాటా: ఆంటీ ఇల్లు

"రొయ్యలా! ఆయనకా!" అని ప్రసన్న ఆంటీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "పాస్టరు గారమ్మాయివి, నీకు తెలీదేంటే? రెక్కలూ పొలుసూ లేనిది ఆళ్లు ముట్టరు. ఆయన వంటగదిలో నా చేపల గరిటె కూడా పెట్టను నేను."

రొయ్యకు పొలుసు ఉండదని నాకు తెలుసు. వాళ్లు తినకూడనివి ఏమిటో సండే స్కూల్లో బహుమతి కొట్టి మరీ చదివాను. ఆ రెంటినీ మా అమ్మ పచ్చడితో కలిపి ఆలోచించాలని మాత్రం ఎన్నడూ తట్టలేదు. రాకేష్ అన్నంలో పచ్చడి కలుపుకుంటూ, "గింత మంచిగున్నదాన్ని తినరా? పాపం" అన్నాడు.

ఆంటీ ఇంట్లో కోడికూర, ముద్దపప్పు. పదకొండు నెలల తర్వాత అరటిపండు పెరుగులో కలుపుకుని తిన్నాను. భోజనాలయ్యాక ఆంటీ నా థర్మామీటరును నిమ్మ వాసన వచ్చే శానిటైజరుతో మళ్లీ మళ్లీ తుడిచింది. అప్పటిదాకా రొయ్యల పచ్చడి వాసన వచ్చేది. ఆ తర్వాత నిమ్మకాయ పిండిన రొయ్యల పచ్చడి వాసన రాసాగింది.

గుమ్మం

మందిరం ఒక పళ్ల డాక్టరు ఆఫీసు పక్కన చిన్న ఇటుక కట్టడం. ఆ రోజు సన్నగా వాన పడుతోంది. తలుపు తీసింది డోరా గారు. టెలికాం కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ ఏర్పాట్లు చూస్తే మా గోడౌన్ సిగ్గుతో తల దించుకోవాలి. కుర్చీ కుర్చీకీ టేపు పెట్టి కొలిచి ఆరడుగులు. నేల మీద వెళ్లే బాణాలు, వచ్చే బాణాలు. ప్రార్థన పుస్తకాలకు కూడా క్వారంటైన్: ఒకరు ముట్టుకున్నది అట్టపెట్టెలో కొన్నాళ్లు పడుకుని గానీ ఇంకొకరి చేతికి వెళ్లదు. పైకి పాడకూడదు, మాస్కులోపలే సన్నగా అనుకోవాలి. గుమ్మానికి ఒక చిన్న లోహపు డబ్బీ బిగించి ఉంటుంది, లోపల వాక్యం రాసిన తోలు చుట్ట. వచ్చేవాళ్లు దాన్ని వేళ్లతో తాకి ఆ వేళ్లను ముద్దు పెట్టుకోవడం ఆచారం. ఇప్పుడు దాని కింద "కళ్లతో తాకండి" అని డోరా గారు కాగితం అంటించారు. మన గడప పసుపును ఎవరైనా అలా చూసి వెళ్లమంటే మా వీధి ఆడవాళ్లు ఊరుకునేవారు కాదనుకున్నాను.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. మా ఊళ్లో మందిరంలోకి చెప్పులతో ఎవరూ వెళ్లరు. గుమ్మం చూడగానే నా కాళ్లు వాటంతటవే బూట్లు విడిచేశాయి. వాటిని శానిటైజరు బల్ల పక్కన జతగా సర్ది, సాక్సులతో నిలబడ్డాను.

మొదట వచ్చిన దంపతులు నా మాస్కు చూశారు, తుపాకీ చూశారు, బాణాలు చూశారు, బల్ల పక్కన బూట్లు చూశారు. మారు మాట్లాడకుండా తమవీ విప్పి పక్కన పెట్టారు. ఆ రోజుల్లో ఏదైనా ఎందుకని అడగడం అందరూ మానేశారు కదా. తర్వాత వచ్చినవాళ్లు మూడు జతలు చూసి విప్పారు, ఆ తర్వాతివాళ్లు వరస చూసి విప్పారు. డోరా గారు బయటికి వచ్చి, ఆ వరసను చూసి, నుదురు చిట్లించారు. ఈ వారం ప్రభుత్వం పెట్టిన కొత్త రూలేదో తనకే తెలియలేదని అనుకున్నారట. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక గోడ పట్టుకుని తన బూట్లూ విప్పేశారు. నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి.

ప్రశ్నల దగ్గరా ఇబ్బందే. అలసట ఉందా అంటే ప్రతి ఒక్కరూ ఉందనే అంటున్నారు. అందరూ డెబ్బై దాటినవాళ్లు. నా గోడౌన్ రూలు పెడితే మందిరం ఖాళీ. డోరా గారు ఆలోచించి, "కరోనా కంటే పాత జబ్బులు పట్టించుకోకు, కొత్తవి మాత్రం వదలకు" అని తీర్పు చెప్పారు. ఇంకో చిక్కు, నేను మనిషికొక నొక్కు చొప్పున లెక్కపెట్టే మిషను తెచ్చాను. నేను టిక్కుమనిపించినప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడుతున్నారు. మనుషులను అంకెలతో లెక్కపెట్టడం వాళ్లలో లేదట. మా నానమ్మ కూడా మనవలను లెక్కపెడితే దిష్టి అని కసిరేది. మిషను జేబులో పెట్టేశాను.

అప్పుడు ఆంటీ చెయ్యి పట్టుకుని మోరిస్ గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ కోటులో ఉన్నారు. బూట్ల వరస దగ్గర ఆగిపోయారు. చాలాసేపు చూశారు.

"ఎవరు చెప్పారమ్మా వీళ్లకు ఇలా చెయ్యమని?" అని నన్ను అడిగారు. "ఇంట్లో మనిషి పోతే మేము వారం రోజులు తోలు బూట్లు వేసుకోం. కింద కూర్చుంటాం. తెలిసినవాళ్లందరూ వచ్చి పక్కన కూర్చుంటారు. రీటా పోయినప్పుడు ఎవరినీ రావద్దన్నారు. ఒక్కణ్ణే సాక్సులతో కూర్చున్నాను, టీవీ ఎదురుగా."

నేను నిజం చెప్పెయ్యబోయాను. ఆంటీ నా జబ్బ మీద గట్టిగా గిల్లింది. ఆయన వంగి లేసులు విప్పుకుంటున్నారు.

ఒక మాట మిగిలింది

ఆయన వెనకే సాల్ గారు వచ్చారు. గుండ్రటి మనిషి, పెద్ద గొడుగు.

"దగ్గు ఉందా?"

"ఉంది."

"ఎప్పటి నుంచి?"

"నిన్నటి నుంచి."

కొత్త జబ్బు. "క్షమించాలి, మీరు ఇంటికి వెళ్లాలి" అన్నాను. ఆయన మర్యాదగా తల ఊపి వెనక్కి తిరిగారు. ఎంత చక్కగా పని చేశానో అనుకుని తలుపు వేశాను.

లోపల డోరా గారు లెక్క మొదలుపెట్టారు. అంకెలు కాదు. సరిగ్గా పది మాటలున్న ప్రార్థన వాక్యం ఒకటుంది. మనిషికొక మాట చొప్పున చూపు తిప్పుతూ చెప్పుకుంటూ వెళ్తారు. ఈ మందిరంలో ఆడవాళ్లూ లెక్కలోకి వస్తారు, వాళ్లకూ ఒక మాట ఉంది. అందరూ అయిపోయాక ఆవిడ దగ్గర ఇంకో మాట మిగిలింది.

"సాల్ ఏడీ? సాల్ మానడే?"

"పంపేశాను" అన్నాను.

అందరి కళ్లూ మూసిన తలుపు మీదికి వెళ్లాయి. తిట్టినా బాగుండేది. డోరా గారు, "నువ్వు చేసింది సరైన పనే" అన్నారు. అది ఇంకా కష్టంగా ఉంది. అప్పటికప్పుడు ఫోన్లు చేశారు. ఒకరు కూతురి దగ్గరికి వెళ్లారట, ఒకరు ఫోన్ ఎత్తలేదు. ఎవరో ఆశ చంపుకోలేక నన్ను దింపి పార్కింగులో కారులోనే కూర్చున్న రాకేష్ దగ్గరికి వెళ్లి, "బాబూ, నువ్వు యూదుడివా?" అని అడిగారు.

"కాద్సార్. హన్మకొండ" అన్నాడు వాడు.

మోరిస్ గారు తెల్లటి ప్రార్థన శాలువాను మడత పెట్టడం మొదలుపెట్టారు. ఆ మడతలు చూడలేక నేను సాల్ గారిని వెతకడానికి బయటికి పరుగెత్తి కారెక్కాను. సాక్సులతోనే ఉన్నానని సగం దారిలో గమనించాను.

బెంచీ మీద డోనట్

సాల్ గారు వీధి చివర కాఫీ షాపు బయట, పైకప్పు కింద బెంచీ మీద కూర్చుని చక్కెర డోనట్ తింటున్నారు. నేను దూరంగా వానలో నిలబడి విషయమంతా చెప్పాను. ఆయన తినడం ఆపేశారు.

"నేను పదోవాణ్ణా? అయ్యో. అంత తక్కువమంది వచ్చారని నాకేం తెలుసు?"

"వచ్చెయ్యండి సార్."

"దగ్గు ఉంది కదా."

"ఈసారి నేను అడిగినప్పుడు…" ఆగాను. "లేదని చెప్పండి."

ఆయన నావైపు చూశారు. "ప్రార్థన మందిరం గుమ్మంలో అబద్ధం చెప్పమంటున్నావా? లోపల ఉన్నది అందరూ ముసలివాళ్లు. మోరిస్‌కు ఊపిరితిత్తులు అంతంతమాత్రం."

పాస్టరు కూతురిని. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట అన్నది నేనేనా అనిపించింది. రాకేష్ కారులోంచి, "తాతా, ఏదన్న జుగాడ్, ఉపాయం చెప్పు" అని తెలుగులోనే అన్నాడు.

సాల్ గారు మూతి తుడుచుకున్నారు. "నువ్వు అన్నీ అడిగావు గానీ, కిటికీ దగ్గర నిలబడతావా అని అడగలేదు. మందిరం బయట నిలబడి కిటికీలోంచి లోపలివాళ్లకు ముఖం చూపిస్తే వాళ్లతో కలిసినట్టే. మా పెద్దలు ఎప్పుడో రాసి పెట్టారు. మహమ్మారి కోసం కాదులే. ఆలస్యంగా వచ్చే బద్ధకస్తుల కోసమే అయ్యుంటుంది."

"మరి ముందే చెప్పలేదే?"

"నువ్వు తుపాకీ పట్టుకుని ఉన్నావు" అన్నారాయన.

కొత్త దగ్గుతో మా కారు ఎక్కనన్నారు. దగ్గరే, నడుస్తానన్నారు. ఆయన గొడుగు వేసుకుని ముందు నడుస్తుంటే, వెనక రాకేష్ లైట్లు మిణుకుమిణుకుమనిపిస్తూ కారును నత్తలా నడిపాడు. దారిలో ఒక ఆవిడ ఆగి, శవయాత్ర అనుకుందో ఏమో, గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. "మా దిక్కు బారాత్ గిట్లనే పోతదక్కా" అన్నాడు రాకేష్.

కిటికీ

కిటికీ ఎప్పుడో వేసిన రంగుతో బిగుసుకుపోయి ఉంది. డోరా గారు స్క్రూడ్రైవరుతో అంచులు గీకి, అది కిర్రుమనేదాకా ఎత్తారు. తీరా చూస్తే సాల్ గారికి అందని ఎత్తు. రాకేష్ చెత్త రీసైక్లింగ్ వాళ్లు ఇచ్చే నీలం డబ్బా తెచ్చి బోర్లించాడు. సాల్ గారు ఎక్కారు. గొడుగు పడితే ముఖం కనబడడం లేదని గొడుగు మూశారు. బయటే ఉన్నారు కాబట్టి మాస్కు తీసేశారు. లోపల అందరివీ సగం ముఖాలు. నిండు ముఖం ఆయనదొక్కటే. ముక్కు ఎర్రగా ఉంది, మీసాల మీద చక్కెర ఉంది.

డోరా గారు మళ్లీ మొదలుపెట్టారు. ఒక్కొక్కరికీ ఒక్కో మాట. చివరి మాట కిటికీ దగ్గరికి వచ్చింది. సాల్ గారు దానికి సమాధానంగా అటు తిరిగి దగ్గి, మళ్లీ ముఖం చూపించారు.

మోరిస్ గారు శాలువా మడత విప్పి కప్పుకున్నారు. ఎవరికి వారే సాక్సులతో, ఆరడుగుల దూరంలో నిలబడ్డారు. ప్రార్థనలు కొంతసేపు సాగాక, ఆయన ఒక్కరే గొంతు విప్పారు. రీటా గారి పేరు చెప్పారు. తర్వాతి మాటలు నాకు తెలియదు. ఏదో పాత భాష. ఆయన ఒక వాక్యం చెప్పి ఆగితే, అందరూ జవాబు చెప్పాలి. ఆ జవాబు కోసమే పదిమంది కావాలని నాకు అప్పుడు అర్థమైంది. ఏడాదిగా ఆయన ఇంట్లో ఆ వాక్యం దగ్గరే ఆగి ఉంటారు.

ఆయన ఆగారు. "ఆమేన్" అన్నారు అందరూ, మాస్కుల్లో సన్నగా. ఆ మాట నాకు తెలుసు! నరసాపురంలో వెనక బెంచీ దాకా వినబడేలా నేర్పించిన ఆమేన్ నాది. గది అదిరింది. అందరూ తిరిగి చూశారు. ఆంటీ కళ్లు మూసుకుంది. మోరిస్ గారు మాత్రం నావైపు చూసి తల ఊపి, రెండో వాక్యం ఇంకొంచెం గట్టిగా అందుకున్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. కళ్లతో పాటు ముక్కూ మొదలైంది. మాస్కు తీయకూడదు, తుడుచుకోకూడదు. ముక్కు కారుతోందా? అవును. పాతదా, కొత్తదా? కొత్తదే. ఆలోచించడానికేముంది. థర్మామీటరు బల్ల మీద పెట్టి, తలుపు చప్పుడు కాకుండా తీసి, గోడ చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి వెళ్లాను. సాల్ గారికి దూరంగా తడి గడ్డిలో సాక్సులతో నిలబడ్డాను.

"దగ్గా?" అని గుసగుసగా అడిగారు.

"ముక్కు" అన్నాను.

ఆయన అర్థమైనట్టు తల ఊపి, డబ్బా మీద కొంచెం పక్కకు జరిగారు. లోపల మోరిస్ గారి గొంతు పైకి లేచి, మళ్లీ ఆగింది. ఆయన కిటికీ వైపే చూస్తున్నారు. మేమిద్దరం వానలోంచి ఆమేన్ అన్నాం.